విక్టోరియా రాణి బొమ్మ ఉంటే లక్షలొస్తాయా?

విశాఖలో ఎవరైనా పాత ఇల్లు ఖాళీ చేస్తే నా వాట్సాప్‌కి పాత స్టాంపుల ఫోటో వస్తుంది: "అంకుల్, అర్జెంటు, ఎంత రావచ్చు?" చాలాసార్లు నా సమాధానం టీ డబ్బులనే.

అపోహ: నూరేళ్లు దాటిన స్టాంపు అరుదైనదే.

వాస్తవం: లోకంలో తొలి తపాలా స్టాంపు, 1840 నాటి పెన్నీ బ్లాక్, 6.8 కోట్లకు పైగా అచ్చయింది. ఇప్పటికీ వేలాల్లో దొరుకుతూనే ఉంది.

అపోహ: మన విక్టోరియా స్టాంపులన్నీ ఒకటే.

వాస్తవం: ముందు అక్షరాలు చదవండి. పైన ఒక్క 'ఇండియా' అనే మాట ఉండి, అంచున చిల్లులు లేకపోతే అది 1854లో కలకత్తాలో అచ్చయినది కావచ్చు. వాటిని కత్తెరతో కోసేవారు, అందుకే నాలుగు వైపులా అంచు మిగిలి ఉంటేనే ధర. 'ఈస్ట్ ఇండియా పోస్టేజ్' అని ఉంటే 1855 నుంచి లండన్‌లో డి లా రూ అనే ముద్రణ సంస్థ వేసినది. 1882 నుంచి 'ఈస్ట్' పోయింది. ఇంకా అనుమానముంటే స్టాంపును నల్లటి ట్రేలో బోర్లా పెట్టి సిగరెట్ లైటర్‌లో పోసే ఫ్లూయిడ్ రెండు చుక్కలు వేయండి (కిటికీ తెరిచి, మంటకు దూరంగా). కాగితంలోని వాటర్‌మార్క్ (తయారీలోనే పడ్డ గుర్తు) నల్లగా తేలుతుంది: 1865 నుంచి ఏనుగు తల, 1882 నుంచి నక్షత్రం. ఆరిపోయేలోగా చూసుకోవాలి.

అపోహ: రాణి బొమ్మ ఉన్నదల్లా తపాలా స్టాంపే.

వాస్తవం: రసీదు స్టాంపు, కోర్టు ఫీజు స్టాంపు మీదా ఆవిడే. తపాలా ముద్ర లేకుండా పెన్నుతో సంతకం ఉంటే అనుమానించండి.

అపోహ: కవరు నుంచి ఊడదీసి, నీళ్లలో కడిగి ఆల్బమ్‌లో పెట్టాలి.

వాస్తవం: నాకు ఒళ్లు మండేది ఇక్కడే. విడిగా విలువ లేని అర్ధణా స్టాంపు, 'వైజాగపటం' లేదా 'బిమ్లిపటం' ముద్ర స్పష్టంగా ఉన్న కవరు మీద ఉంటే స్టాంపులు సేకరించేవాళ్లు ఎగబడతారు. భీమిలి అప్పుడు సరుకు ఎగుమతి చేసే రేవు. అక్కడి వర్తకుల ఉత్తరం మీద ముద్ర, తేదీ, చిరునామా, వెనక ఇంకో ఊరి ముద్ర ఉంటే ఆ కాగితం ఎలా ప్రయాణించిందో తెలుస్తుంది. కత్తెర పెట్టారా, ఆ కథంతా పోయినట్టే. పైగా 1880ల నాటి బ్రిటన్ స్టాంపుల్లో కొన్ని ఆకుపచ్చ, ఊదా రంగులు నీళ్లు తగిలితే వెలిసిపోతాయి.

సెల్లో టేపు వద్దు, పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ వద్దు. మన తీరం తేమకు గోధుమ మచ్చలు త్వరగా పడతాయి, బీరువాలో సిలికా జెల్ పెట్టండి.

ఇక 1854 నాలుగణాల స్టాంపులో రాణి తల తలకిందులుగా ఉన్నది ఎవరైనా అమ్మజూపితే, ధర మాట్లాడకముందే అది అసలుదేనని నిపుణుల సర్టిఫికెట్ అడగండి.