నీడ దక్షిణానికి తిరిగే రోజులు

నెల్లూరులో మా మిద్దె మీద దండెం కట్టడానికి పాతిన ఇనప పైపు ఒకటి ఉంది. ఏటా ఏప్రిల్ 29 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన ఏడెనిమిది నిమిషాలకు దాని నీడ పైపు మొదట్లోనే కలిసిపోతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడన్నమాట. ఒంగోలు వాళ్లకు ఇది మే 2, 3 తేదీల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడటం మొదలవుతుంది. అన్ని నెలలుగా ఉత్తరానికే పడిన నీడ అలా తిరగడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

భూమి ఒరిగి ఉండబట్టే ఇదంతా. తన చుట్టూ తాను తిరిగే ఇరుసు నిటారుగా లేదు, సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉంది. సూర్యుడి చుట్టూ తిరుగుతున్నా దాని ఉత్తరపు కొస ఏడాది పొడవునా ధ్రువనక్షత్రం వైపే ఉంటుంది. అందుకే జూన్‌లో మన ఉత్తరార్ధం సూర్యుడి వైపు ఒరుగుతుంది, డిసెంబరులో అవతలి వైపు ఒరుగుతుంది.

సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం వస్తుందని చిన్నప్పుడు నేనూ నమ్మాను. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. మనం భోగిమంట దగ్గర చలి కాచుకునేది సూర్యుడు దగ్గరగా ఉన్న రోజుల్లోనే!

తేడా అంతా ఎండ పడే వాలులో ఉంది. నెల్లూరులో మీటరు కర్ర పాతితే డిసెంబరు 21 మధ్యాహ్నం నీడ 78 సెంటీమీటర్లు ఉత్తరానికి పడుతుంది. జూన్ 21న 16 సెంటీమీటర్లే, అదీ దక్షిణానికి. డిసెంబరులో ఎండ ఏటవాలుగా వచ్చి ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి వేడి పలచబడుతుంది. పగలు కూడా అప్పుడు పదకొండుంపావు గంటలే, జూన్‌లో దాదాపు 13.

మరి సూర్యుడు ఏప్రిల్ ఆఖర్లోనే నడినెత్తికి వస్తే, రోళ్లు పగిలే రోహిణి కార్తె మే ఆఖర్లో ఎందుకు? నడినెత్తి దాటినా సూర్యుడు దూరం పోడు, ఆగస్టు 14 దాకా మధ్యాహ్నం నెత్తికి 9 డిగ్రీల లోపే ఉంటాడు. నేల వదులుకునే వేడి కంటే పుచ్చుకునేది ఎక్కువై రోజురోజుకీ కాగుతుంది. దానికి తోడు పొడి పడమటి గాలి. ఆగస్టులో సూర్యుడు రెండోసారి నడినెత్తికి వచ్చేసరికి చాలాసార్లు మబ్బు అడ్డం ఉంటుంది.

సెప్టెంబరు దాటాక సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా వెళతాడు. ఆసియా నేల సముద్రం కంటే త్వరగా చల్లారుతుంది, గాలి దిశ మారి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఆ గాలి బంగాళాఖాతం మీద తేమ తాగి వచ్చి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో కురుస్తుంది. మా నెల్లూరు చెరువులు నిండేది ఎక్కువగా ఆ వానలకే, పైపు నీడ ఉత్తరానికి సాగుతున్న నెలల్లో.