బండ మీద చెక్కిన సముద్ర మట్టం

వానాకాలం వచ్చిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, హాలియా ప్రాంతాల్లో పొద్దున్నే పేపరు తెరిచినవారు ముందుగా చూసే అంకె నాగార్జునసాగర్ నీటి మట్టం. నిండు మట్టం 590 అడుగులని ఇక్కడ బడి పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ 590 అడుగులను డ్యామ్ అడుగు నుంచి కొలుస్తారని నమ్మేవారు నేటికీ చాలామంది ఉన్నారు. డ్యామ్ మొత్తం ఎత్తే 124 మీటర్లు, అంటే సుమారు 407 అడుగులు; అందులో 590 అడుగుల నీరు నిలిచే వీలే లేదు. ఆ అంకెను కొలిచింది సముద్రం నుంచి. పాలమూరు వైపు జూరాలకు చెప్పే 318.516 మీటర్లూ అంతే. సాగు మాటల్లో, పత్రికల్లో, కాలువ తూముల దగ్గరి తగాదాల్లో మనం రోజూ పలికే ఈ అంకెలన్నింటికీ మొదలు బంగాళాఖాతం, అరేబియా సముద్రాల ఒడ్డున ఉంది.

సముద్రం ఎక్కడ, నల్లగొండ ఎక్కడ? నేరుగా గీత గీసినా అతి దగ్గరి తీరానికి దాదాపు 180 కిలోమీటర్లు ఉంటుంది. లెక్కకు ఆధారమైన రేవుల్లో మనకు దగ్గరివైన మద్రాసు, విశాఖపట్నం రెండూ 400 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. అంత దూరం నుంచి సముద్ర మట్టాన్ని ఇక్కడికి తెచ్చినవారు దాన్ని దారి పొడవునా రాళ్ల మీద, వంతెనల గోడల మీద, గుడి మెట్ల మీద గుర్తులుగా చెక్కి వెళ్లారు. వాటినే బెంచ్ మార్కులంటారు. కొన్నేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా దిండి వాగుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో వాటిని వెతుక్కుంటూ తిరగడం నాకు అలవాటైంది. ఒక్కో గుర్తు వెనుక జరిగిన పని ఎంతటిదో తెలిసిన కొద్దీ నా వెతుకులాటలో శ్రద్ధ పెరిగింది.

ముందు సముద్ర మట్టం సంగతి చూడాలి. సముద్రం ఒకచోట నిలిచి ఉండదు; పూటపూటకూ పోటు, ఆటు ఉంటాయి, గాలికి అల లేస్తుంది, కాలాన్ని బట్టి నీరు ఉబ్బుతుంది. అందుకే రేవుల్లో పరికరాలు పెట్టి ఏళ్ల తరబడి నీటి ఎత్తును నమోదు చేసి, వాటి సగటును మట్టంగా తీసుకున్నారు. మన దేశంలో కచ్చితమైన లెవెలింగ్, అంటే చోటు నుంచి చోటుకు ఎత్తుల తేడాను కొలుచుకుంటూ పోయే పని, 1858లో మొదలైంది. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్ అనే తొమ్మిది రేవుల సగటు నీటి మట్టాలను సున్నాగా పట్టుకొని, దేశమంతా అల్లుకున్న లెవెలింగ్ గీతలను 1909లో ఒక్క లెక్కలోకి తెచ్చారు. మన టోపోషీట్ల మీద, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటాల మీద కనిపించే ఎత్తులు ఆ లెక్క నుంచి వచ్చినవే.

ఆ మట్టాన్ని లోపలి ప్రాంతాలకు మోసిన పద్ధతిని రెండు మాటల్లో చెప్పవచ్చు, కానీ చేయడానికి అపారమైన ఓపిక కావాలి. ఎత్తు తెలిసిన చోట ఒక స్టాఫ్‌ను, అంటే అంకెలు వేసిన నిలువు కొలబద్దను నిలబెడతారు. ముందుకు వెళ్లవలసిన చోట ఇంకొకటి నిలబెడతారు. సరిగ్గా రెండింటి నడుమ లెవెల్ మిషన్‌ను పెట్టి, దాని బుడగను మధ్యకు తెచ్చి, దుర్బిణిలోంచి మొదట వెనుక బద్దను, తరువాత ముందు బద్దను చదువుతారు. ఈ రెండు అంకెల తేడాయే ఆ రెండు చోట్ల ఎత్తుల తేడా. అక్కడితో వెనుక బద్దను ఎత్తి ముందుకు తీసుకుపోతారు, మళ్లీ మొదలు. ఒక్కోసారి గట్టిగా వంద మీటర్లు జరుగుతారు. మద్రాసు నుంచి నల్లగొండకు కాకి ఎగిరే దారిన లెక్క వేసినా నాలుగున్నర వేలసార్లు మిషన్ దింపాలి. గీత ఎప్పుడూ బాటల వెంట, రైలు కట్టల వెంట సాగుతుంది కనుక అసలు లెక్క ఇంకా పెద్దది. పైగా తప్పు దొర్లిందో లేదో తేల్చుకోవడానికి అదే దారిని రెండో దిశలో మళ్లీ కొలవాలి.

మిషన్‌ను నడుమనే పెట్టడంలో ఒక చక్కని కిటుకు ఉంది. భూమి గుండ్రనిది కనుక దుర్బిణిలోని అడ్డగీత దూరం పోయిన కొద్దీ నేల నుంచి పైకి లేచిపోతుంది. గాలి పొరల్లో కాంతి వంగడాన్ని కూడా కలుపుకుంటే ఒక కిలోమీటరుకు ఆ తేడా సుమారు 67 మిల్లీమీటర్లు. వెనుక బద్ద, ముందు బద్ద సమాన దూరంలో ఉంటే రెండు చదువుల్లోనూ ఒకే తప్పు చేరి, తీసివేతలో కొట్టుకుపోతుంది. మిషన్ అడ్డగీత కొంచెం వాలి ఉన్నా ఆ దోషమూ అలాగే పోతుంది. ఎంత మంచి పరికరమున్నా కొంత తప్పు మిగలక మానదు. దానికి కూడా హద్దు పెట్టారు: శ్రద్ధగా చేసే ప్రిసైజ్ లెవెలింగ్‌లో ఒక కిలోమీటరుకు 4 మిల్లీమీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటే, 100 కిలోమీటర్లకు ఒప్పుకునేది 400 కాదు, 40 మాత్రమే. చిన్న తప్పులు కొన్ని పైకి, కొన్ని కిందికి పడి చాలావరకు ఒకదాన్నొకటి తినేస్తాయి కనుక మొత్తం తప్పు దూరంతో పాటు కాక, దూరపు వర్గమూలంతో పెరుగుతుంది. వంద కిలోమీటర్లు ఎండలో నడిచి, ఎత్తులో నాలుగు వేళ్ల మందం కూడా తప్పకుండా వచ్చిన ఖలాసీల పని అది. బద్దను నిలువుగా పట్టుకొని ఊపిరి బిగబట్టి నిలుచున్న ఆ మనుషుల పేర్లు ఏ రాయి మీదా ఉండవు.

ఇక గుర్తు ఎలా ఉంటుంది? దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే కాలపు వాటి మీద జి.టి.ఎస్. అనే ఇంగ్లీషు అక్షరాలు, బి.ఎం. అనే అక్షరాలు, బద్దను ఆనించే చోటును చూపే చిన్న గుర్తు ఉంటాయి. కదలని చోటు కావాలి కనుక మన ప్రాంతంలో నేలలోంచి లేచిన నల్లరాతి బండలు, పాత రోడ్డు మోరీల రాతి కట్టడాలు, గుడి గడపలు, రైల్వే స్టేషన్ల ప్లాట్‌ఫారాలు వీటికి ఆశ్రయం. ఊళ్లలో దీన్ని హద్దురాయి అనుకుంటారు. నేను రాయి చుట్టూ తిరగడం చూసి భూమి కొలతకు వచ్చాననో, రోడ్డుకు పొలం పోతుందనో భయపడినవారు ఉన్నారు. సేత్వార్, టీపన్, పహాణీ అనే భూమి రికార్డుల్లో చెప్పే హద్దులకూ దీనికీ సంబంధం లేదని, హద్దురాయి ఎవరి నేల ఎంతవరకో చెబితే ఈ గుర్తు నేల ఎంత ఎత్తున ఉందో మాత్రమే చెబుతుందని ముందుగా వివరించడం నాకు నియమంగా మారింది. గుప్తనిధుల గురించి అడిగేవారికి ఇంకా ఓపికగా చెప్పాలి, ఎందుకంటే చెక్కిన అక్షరాల కింద ధనం ఉందని తవ్వితే గుర్తు శాశ్వతంగా పోతుంది. ప్రభుత్వం నాటిన ఇటువంటి గుర్తును చెరపడం పాత భారతీయ శిక్షాస్మృతి 434వ సెక్షన్ కింద నేరంగా ఉండేది, నేటి చట్టంలోనూ నేరమే.

వెతకడానికి మొదటి సాధనం టోపోషీటు. నల్లగొండ పట్టణం 56 ఓ అనే షీటులోనూ, దేవరకొండ 56 ఎల్ లోనూ, మహబూబ్‌నగర్ పడమటి ఊళ్లు 56 హెచ్ లోనూ వస్తాయి. ఉత్త చుక్క పక్కన అంకె ఉంటే అది మామూలు ఎత్తు, త్రిభుజం ఉంటే త్రికోణ సర్వే చేసిన స్థానం, బి.ఎం. అక్షరాల పక్కన అంకె ఉంటే అదే మనకు కావలసింది. 1:50,000 పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు కనుక పటం మనల్ని మోరీ దాకానే తీసుకుపోతుంది. మోరీలో ఏ రాయి అన్నది మన కళ్లే తేల్చుకోవాలి. పాత షీటు అక్షాంశ రేఖాంశాలను తీసుకొని ఫోనులో కొడితే చోటు నూరు మీటర్లకు పైగా పక్కకు పోతుంది, ఎందుకంటే ఆ పటాలు ఎవరెస్ట్ 1830 అనే లెక్క ప్రకారం ఊహించిన భూమి ఆకారాన్ని అనుసరించాయి, ఫోను వేరొకదాన్ని అనుసరిస్తుంది. మరీ పాత పటాలైతే తేడా కిలోమీటర్లలో ఉంటుంది. మద్రాసు వేధశాల రేఖాంశాన్ని అప్పట్లో 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా లెక్కగట్టారు. మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు మించిన దూరం.

పాలమూరుకు సంబంధించి ఈ తేడాకు ఒక ప్రత్యేక అర్థముంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద మొదలుపెట్టిన త్రికోణ సర్వేకు వెన్నెముక 78వ రేఖాంశం వెంట సాగిన మహా చాపం. మహబూబ్‌నగర్ పట్టణం సరిగ్గా ఆ రేఖాంశం దాపున ఉంది. నాటి లెక్కలోని 78వ రేఖ, నేటి లెక్కలోని 78వ రేఖ రెండూ పట్టణ పరిసరాల్లోంచే పోతాయి. కోణాలు కొలిచే, సుమారు అర టన్ను బరువున్న థియోడలైటును గుట్టల మీదికి మోసుకుంటూ ఆ బృందం ఉత్తరానికి సాగి, 1815లో బీదర్ దగ్గర ఆధార రేఖను కొలిచింది. లాంబ్టన్ దగ్గర చేరిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పనిచేస్తూ తీవ్రమైన జ్వరం పాలై, కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లవలసి వచ్చింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ వద్ద దారిలోనే కన్నుమూశాడు. వారు గుట్టల శిఖరాలను ఎంచుకున్నది దూరపు శిఖరం కనబడాలని. లెవెలింగ్ వారు బాటలను ఎంచుకున్నది అడుగు అడుగునా నడవాలని. అందుకే ఆ గుర్తులు ఎండ కాసే బండల మీద, ఈ గుర్తులు మన కాళ్ల దగ్గర దొరుకుతాయి.

దేవరకొండ నుంచి దిండి వైపు పోయే ఒక పాత బాట మీద నాకు దొరికిన గుర్తును కొంచెం వివరంగా చెబుతాను. పటంలో మోరీ ఉంది. నేల మీద దాని పక్కనే కొత్త కల్వర్టు వేసి పాతదాన్ని తుమ్మచెట్లకు వదిలేశారు. రెండుసార్లు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాను. మిట్టమధ్యాహ్నం వెళ్లడం నా పొరపాటు. నడినెత్తిన ఎండ ఉంటే చెక్కిన గాడిలో నీడ పడదు, రాయంతా ఒకే మాదిరి కనిపిస్తుంది. మూడోసారి సాయంత్రం అయిదున్నరకు వెళ్లాను. సున్నం పొరలు పొరలుగా పేరుకున్న గోడ చివరి రాయి మీద ఏటవాలు వెలుగు పడుతోంది. కొబ్బరి పీచుతో మెల్లగా రుద్ది నీళ్లు చల్లితే సున్నం కింద మొదట ఒక నిలువు గీత, తరువాత దాని పక్కన గుండ్రని మలుపు తేలాయి. అది బి అక్షరం. రాయి ఆరుతున్న కొద్దీ గాళ్లలో మాత్రం తడి నిలిచి, నల్లని అక్షరాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఇనుప బ్రష్షు, రంగు, సుద్దముక్క నేను వాడను; నీళ్లు, వెలుగు చాలు. ఆ తరువాతి ఏడాది అదే బాటలో ఇంకో అయిదు కిలోమీటర్ల అవతలి గుర్తు కోసం వెళ్తే, రోడ్డు వెడల్పు పనిలో ఆ మోరీ రాళ్లు కంకరలో కలిసిపోయాయి. ఫోటో తీసుకునేంత వ్యవధి కూడా నాకు దక్కలేదు. ఆ రోజు నుంచి దొరికిన ప్రతి గుర్తునూ నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి, దగ్గరి చెట్టు, బండ, గుడుల నుంచి దూరాలు టేపుతో కొలిచి రాసి పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా, ఈ రాళ్లెందుకని అడుగుతారు. ఉపగ్రహం నేరుగా చెప్పే ఎత్తు లెక్క కోసం ఊహించిన ఒక నున్నని అండాకారం నుంచి కొలిచినది. సముద్ర మట్టమన్నది భూమి ఆకర్షణ నిర్ణయించే ఉపరితలం. భూమి లోపల బరువు అంతటా ఒకే తీరుగా లేదు కనుక అది ఎగుడుదిగుడుగా ఉంటుంది. దక్షిణ భారతం పక్కన హిందూ మహాసముద్రంలో ఆ ఉపరితలానికి ప్రపంచంలోకెల్లా లోతైన సొట్ట ఉంది, దాని ప్రభావం మన దాకా వస్తుంది. హైదరాబాద్ పరిసరాల్లో ఆ రెండు ఉపరితలాల మధ్య తేడా 70 మీటర్లకు పైనే. సవరణ చేయని ఉపగ్రహపు ఎత్తుతో కాలువ తవ్వితే ఏమవుతుందో ఆలోచించండి. నీరు అండాకారాన్ని చూసి పారదు, ఆకర్షణను చూసి పారుతుంది. బుడగ మధ్యకు వచ్చిన లెవెల్ మిషన్ చూసేది కూడా ఆ ఆకర్షణనే. ఉపగ్రహపు ఎత్తును నీటి ఎత్తుగా మార్చే లెక్కను సరిచూసుకోవడానికి ఎత్తు ముందే తెలిసిన రాళ్లు నేటికీ కావాలి.

మోరీ దగ్గర నేను రాయి కడుగుతున్నప్పుడు మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దమనిషి ఆగి, కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. అది ఏమిటని అడిగితే, సముద్రం కన్నా ఈ రాయి ఎంత ఎత్తున ఉందో తెల్లదొరల కాలంలో కొలిచి పెట్టారని చెప్పాను. కాసేపు ఊరుకొని, "అయితే సాగర్ నిండితే నీళ్లు ఈడిదాకా వస్తయా సారూ?" అన్నాడు. పటం తీసి, గుర్తు పక్కనున్న అంకెలోంచి సాగర్ నిండు మట్టమైన 179.83 మీటర్లను తీసివేసి, సాగర్ ఎంత నిండినా నీటి కన్నా ఈ రాయి ఎన్నో నిలువుల పైనే ఉంటుందని చూపించాను. ఆయన ఆ అక్షరాలను వేలితో ఒకసారి తడిమి చూసి, "అంటే మనకు ఎత్తిపోసుడే గతి" అని మేకలను అదిలిస్తూ వాగు వైపు దిగిపోయాడు.