బిస్కెట్ డబ్బాలో కార్ల గురించి పిల్లకాయలకి

బుజ్జీ, చిన్నోడా,

మొన్న సెలవలకి కావలి వచ్చినప్పుడు బీరువా కింద నుంచి నా బిస్కెట్ డబ్బా లాగి కార్లన్నీ నేల మీద పోసుకున్నారు గదా, దానికి నేనేం కోప్పడలా, ఆడుకోడానికే గదా అవి చేసింది. కానీ బుజ్జేమో ఇవి అమ్మితే లక్ష వస్తాదా తాతా అంది, చిన్నోడేమో పెయింట్ పోయింది నేను కొత్తగా వేస్తా అన్నాడు. ఆ రెండో మాటకి నా గుండె ఝల్లుమంది, అందుకే కూర్చోని రాస్తన్నా.

ఎప్పుడైనా పాత కారు చేతికి దొరికితే ముందు తిరగేసి అడుగు చూడాల. ఆ ఎర్ర డబల్ డెక్కర్ బస్సు అడుగున లెస్నీ, ఇంగ్లండ్ అని ఉంటాది చూడండి. లండన్‌లో 1947లో లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అని ఇద్దరు (ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కాదు) పేర్లు కలిపి లెస్నీ అని కంపెనీ పెట్టుకున్నారు. తర్వాత జాక్ ఓడెల్ అనే ఆయన చేరాడు, ఆయన కూతురి స్కూల్లో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవాలని రూలంట, సరేలే అని ఇత్తడితో బుల్లి రోడ్ రోలర్ చేసి అగ్గిపెట్టెలో పెట్టిచ్చాడంట, 1953లో లెస్నీ వాళ్ళు మొదలుపెట్టిన మ్యాచ్‌బాక్స్ కార్లకి ఆ పేరు అట్టా వచ్చిందే.

మా నాయన ఆ బస్సుని మద్రాసు మూర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. అట్టపెట్టె లేకుండానే వచ్చింది, పెట్టె ఉండుంటే రేటే వేరు, ఒక్కోసారి కారు కన్నా ఆ ఖాళీ పెట్టె కోసమే జనం ఎగబడతారు, నమ్మండి. మరి దాని పైకప్పు నీలంగా ఎందుకుందో తెలుసా? కనుమకి ఎద్దుల కొమ్ములకేసే రంగు మిగిలితే నేనే పూసేశా, తొమ్మిదేళ్ళోణ్ణి, ఊరంతా తిప్పి చూపించా కూడా. ఆ రోజుతో దాని విలువ పోయింది. పెచ్చులూడినా సరే ఫ్యాక్టరీ రంగు ఫ్యాక్టరీ రంగే, కొన్ని బళ్ళలో ఏదో ఒక రంగుది కొన్నే వచ్చుంటాయి, పాత కార్లు పోగేసేవాళ్ళు వెతికేది దానికోసమే, మనం పైన పెయింట్ వేసినాక అది ఏదని ఎవరు చెప్తారు?

చిన్నోడా, నువ్వు ఆ హాట్ వీల్స్ కంపెనీ కారు అడుగున పాత సంవత్సరం చూసి ఎగిరావు గదా, అది ఆ డిజైన్ హక్కుల సంవత్సరం రా, తయారైన ఏడాది కాదు. నిజంగా పాతవైతే టైరు చుట్టూ సన్నంగా ఎర్ర గీత ఉంటాది, 1968 నుంచి 1977 దాకా వచ్చినవి అవి. లియో అని పేరుంటే మన దేశంలో చేసినవి, పారేయబాక. నిక్కీ అని కనపడినా అంతే, ఇంగ్లండ్‌లో డింకీ అనే బొమ్మ కార్ల వాళ్ళ పాత అచ్చులు కలకత్తా వస్తే వాటితో పోసిన కార్లవి.

ఇంకోటి, ఇవి జింకు కలిపిన లోహం. పాతకాలం డింకీల్లో కొన్నిట్లో సీసం కలిసిపోయింది, అవి లోపల్నుంచే పగుళ్ళిచ్చి బిస్కెట్ లాగా విరిగిపోతాయి, దానికి మందు లేదు. మన దగ్గర సమస్య సముద్రపు గాలి, చక్రాల ఇరుసులు తుప్పు పడతాయి. పొడిగుడ్డతో తుడిచి పెట్టండి, నీళ్ళలో నానబెట్టబాకండి, కిటికీ ఎండలో వరసగా పేర్చబాకండి, రంగు వెలిసిపోద్ది.

లక్ష మాటకొస్తే, బుజ్జీ, నా డబ్బా మొత్తం అమ్మినా నీ ఫోన్ రాదు. 1969లో హాట్ వీల్స్ వాళ్ళు వెనక నుంచి సర్ఫింగ్ పలకలు (సముద్రం అలల మీద నిలబడి పోయేవి) పెట్టే వోక్స్‌వ్యాగన్ వ్యాన్ ఒకటి చేశారు, సన్నగా ఉండి వాళ్ళ ట్రాక్ మీద సరిగ్గా పోలేదని పక్కన పెట్టేసి వెడల్పుది చేశారు. ఆ పనికిరాని శాంపిల్సే ఇప్పుడు లక్షల్లో పలికేది. మనకాడ అట్టాంటివి లేవులే.

మీ అమ్మ చిన్నప్పుడు ఆ తెల్ల అంబాసిడర్ చక్రం ఒకటి ఊడబీకింది, అది ఒంగోల్లో మీ ఇంట్లో గుండీల డబ్బాలో ఉండొచ్చు. సంక్రాంతికి వచ్చేటప్పుడు వెతికి పట్టుకురండి, కొత్తది మాత్రం కొనబాకండి.

తాత