కారు మెయిన్ ఫ్యూజు: అపోహలు - వాస్తవాలు

హారన్, లైట్లు, పవర్ విండోలు వంటి వాటికి విడివిడిగా ఉండే చిన్న ఫ్యూజుల సంగతి చాలామందికి తెలుసు. వాటన్నిటికంటే ముందు, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీదనో బానెట్ కింది ఫ్యూజు బాక్సులోనో నట్లతో బిగించి ఉండే పెద్ద ఫ్యూజుల (మెయిన్ ఫ్యూజుల) గురించి మాత్రం అపోహలే ఎక్కువ. చాలా కార్లలో ఇవి 60 నుంచి 150 ఆంపియర్ల దాకా ఉంటాయి.

అపోహ: మెయిన్ ఫ్యూజు పోతే బండి మొత్తం డెడ్ అవుతుంది, లైట్లు వెలుగుతున్నాయంటే అది బాగున్నట్టే.

వాస్తవం: పెద్ద ఫ్యూజు ఒక్కటే ఉండదు. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కు వెళ్ళే దారిలో ఒకటి, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) దారిలో మరొకటి, పవర్ స్టీరింగ్‌కో రేడియేటర్ ఫ్యాన్‌కో ఇంకొకటి ఉండవచ్చు. ఆల్టర్నేటర్ దారిలోని ఫ్యూజు పోయినప్పుడు బండి స్టార్ట్ అవుతుంది, కొంతదూరం నడుస్తుంది కూడా. కానీ మీటర్‌లో బ్యాటరీ గుర్తు వెలుగుతూ ఉంటుంది, ఛార్జి అయిపోయాక బండి ఆగిపోతుంది. ఈ లక్షణం చూసి బాగున్న ఆల్టర్నేటర్‌ను మార్చేయడం నాకు తెలిసినంతలో ఈ పనిలో జరిగే అతి దుబారా ఖర్చు. ఇంజిన్ ఆపి, ఆల్టర్నేటర్ వెనుక లావు కేబుల్ బిగించిన పోస్టు దగ్గర కొలిస్తే బ్యాటరీ వోల్టేజీయే రావాలి. అక్కడ సున్నా వస్తే, తప్పు బ్యాటరీకీ ఆల్టర్నేటర్‌కూ మధ్య ఉన్న ఫ్యూజులోనో కేబుల్‌లోనో ఉన్నట్టు.

అపోహ: కాలిన ఫ్యూజు చూడగానే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలిస్తే మంచిదే. కానీ పైమూత మసిబారితే లోపలి పట్టీ కనిపించదు, సన్నని పగులైతే కనిపించినా అంతుపట్టదు. పాత బండ్లలో ఫ్యూజుకు బదులు వాడిన ఫ్యూజిబుల్ లింక్ తీగ మరీ మోసగిస్తుంది: పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి కరిగిపోతుంది. బ్యాటరీ మైనస్ తీసేసి, ఆ తీగను రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది. అలా సాగిందంటే లోపల తెగినట్టే.

అపోహ: మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో (దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో) పెట్టి ఫ్యూజు రెండు చివరలా తాకిస్తే చాలు.

వాస్తవం: ఫ్యూజు బిగించి ఉండగా ఈ పరీక్షను నమ్మకూడదు. బ్యాటరీ కలిపి ఉంటే రీడింగ్ తప్పుగా వస్తుంది. తీసేసినా, వేరే దారిలో తిరిగివచ్చే కరెంటు వల్ల తెగిన ఫ్యూజు కూడా బాగున్నట్టు చూపవచ్చు. ఫ్యూజును బయటికి తీసి చూసినప్పటికీ, మీటరు పంపేది అతి స్వల్పమైన కరెంటు కాబట్టి పగిలిన పట్టీ బీప్ కొట్టి, లోడ్ పడగానే, అంటే లైట్ల వంటివి ఎక్కువ కరెంటు లాగగానే, చేతులెత్తేస్తుంది.

నమ్మదగిన పద్ధతి లోడ్ మీద వోల్టేజీ కొలవడం. తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్ల స్విచ్ వేసి, మీటరు నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ను మొదట బ్యాటరీ ప్లస్ పోస్టుకు, తరువాత ఫ్యూజుకు ఇటువైపు, ఆ తరువాత అటువైపు తాకించాలి. ఇటు 12 వోల్టులు ఉండి అటు సున్నా వస్తే ఫ్యూజు పోయినట్టే. అటు 9 వోల్టుల వంటి సగం సగం రీడింగ్ వస్తే నట్టు, ఫ్యూజు రేకు, కేబుల్ లగ్ (కేబుల్ చివర నట్టు కింద బిగించే లోహపు కొస) ఒక్కొక్కదాన్నీ విడిగా తాకించి చూడాలి; వోల్టేజీ ఎక్కడ పడిపోతే తప్పు అక్కడే ఉంది. చాలాసార్లు అది ఫ్యూజు కాదు, పచ్చగా చిలుము పట్టిన లగ్.

అపోహ: పాతబడి పోయి ఉంటుంది, కొత్తది వేస్తే సరిపోతుంది.

వాస్తవం: వదులు నట్టు దగ్గర పుట్టే వేడికి పట్టీ కరగడం ఉంది కానీ, ఎక్కువగా కారణం మరొకటి. వేరే బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేసేందుకు వాడే జంపర్ కేబుళ్ళను ప్లస్ మైనస్ తారుమారుగా తగిలిస్తే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ల (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాల) గుండా భారీ కరెంటు పారి ఫ్యూజు క్షణంలో ఎగిరిపోతుంది. అప్పుడు డయోడ్లనూ పరీక్షించాలి. అది కాకపోతే, ఒరుసుకుపోయిన వైరు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండవచ్చు. కొత్త ఫ్యూజు వేసే ముందు తాళం ఆఫ్‌లో పెట్టి, ఆ స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బును వైర్లతో కలిపి చూడాలి. బల్బు ఒక్కసారి మిణుకుమని ఆరిపోతే ఫర్వాలేదు. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే అవతల షార్ట్ ఇంకా ఉంది. చిన్న ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోతే ఏది తీసినప్పుడు బల్బు ఆరుతుందో షార్ట్ ఆ సర్క్యూట్‌లోనే ఉంటుంది. ఏది తీసినా ఆరకపోతే మెయిన్ కేబుల్‌నే వెతకాలి.

అపోహ: 100కు బదులు 150 వేస్తే మళ్ళీ పోదు.

వాస్తవం: నిజమే, ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది. ఫ్యూజు ఉన్నది ఆ వైరును కాపాడటానికే. రాగి తీగ చుట్టడం ఇంతకంటే ఘోరం.

మార్చేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు తీయాలి, ఆఖరున పెట్టాలి. లేకపోతే స్పానర్ బాడీకి తగిలిన క్షణంలోనే నిప్పురవ్వలు లేస్తాయి. అంతా బిగించాక ఇంజిన్ నడుస్తూ, లైట్లూ ఏసీ వేసి ఉండగా, మీటరు రెండు ప్రోబ్‌లనూ ఫ్యూజుకు ఇటూ అటూ ఉన్న కేబుల్ లగ్‌ల మీద ఉంచితే తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులు మాత్రమే రావాలి. పావు వోల్టు దాకా వస్తే ఇంజిన్ ఆపి, నట్లు విప్పి, లగ్‌ను శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి.