జర్మన్ షెపర్డ్ పిల్లల బొచ్చు రాలడం: అపోహలు - వాస్తవాలు

కిందటి నెలలో ఒకావిడ అయిదు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లను, దానితోపాటు ఒక కవరు నిండా దాని బొచ్చును మా క్లినిక్‌కు తీసుకువచ్చారు. "ఇది నాలుగు రోజులదేనండీ" అంటూ కవరు బల్ల మీద పెట్టారు. పిల్ల మాత్రం ఆ కవరునే నోట కరచుకోవాలని ఎగురుతోంది. దాని వీపు మీది బొచ్చును రెండు వేళ్లతో పాయ తీసి చూస్తే, వెలిసిపోయిన మెత్తటి బొచ్చు కింద నుంచి వెన్నెముక పొడవునా నిగనిగలాడే గరుకు వెంట్రుకలు నల్లటి చారలా లేచి వస్తున్నాయి. చర్మం మీద పొక్కు గాని, పొట్టు గాని లేదు. కవరులో ఎంత బొచ్చు ఉందన్నదాని కంటే ఒంటి మీద ఏమి మిగిలిందన్నదే నాకు ముఖ్యం కనుక, ఆ పిల్లకు మందేమీ రాయలేదు.

అపోహ: పిల్ల వయసులో బొచ్చు రాలితే అది జబ్బే.

వాస్తవం: జర్మన్ షెపర్డ్‌కు పైన గరుకుగా, నీరు జారిపోయేలా ఉండే పైబొచ్చు, దాని కింద దూదిలాంటి లోబొచ్చు అని రెండు పొరలుంటాయి. పుట్టినప్పటి మెత్తటి బొచ్చు సాధారణంగా 4 నుంచి 6 నెలల వయసులో రాలడం మొదలై, దాని స్థానంలో ఈ రెండు పొరలూ ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు పూర్తిగా ఏర్పడతాయి. ఈ మార్పులో రంగు కూడా మారుతుంది కనుక, "మేము కొన్నది ఈ పిల్లనేనా?" అని అనుమానించవలసిన పని లేదు.

జబ్బు వల్ల రాలే తీరు వేరు. కంటి చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ల మీద బిళ్లలు బిళ్లలుగా ఊడి చర్మం బయటపడితే డెమోడెక్స్ పురుగును అనుమానించాలి. పాలు తాగే తొలి రోజుల్లో తల్లి నుంచి పిల్లకు చేరే ఈ పురుగు వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది. పిల్లలో రోగనిరోధక శక్తి ఇంకా గట్టిపడని దశలో విపరీతంగా పెరుగుతుంది. చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. ఇది మనుషులకు అంటదు. గజ్జి, తామర మాత్రం అంటుతాయి. పరీక్ష చేయించకుండా "దురదకు ఒక సూది" వేయించుకునే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే అందులో రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్ ఉంటే డెమోడెక్స్ మరింత విజృంభిస్తుంది. పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మందును కూడా దుకాణంలో అడిగి తెచ్చి సొంతంగా వాడకూడదు. ఈ జాతిలో కొన్ని కుక్కలకు ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది, వాటిలో ఆ మందు మెదడుకు చేరి ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: కాల్షియం టానిక్ పోస్తే బొచ్చు ఆగుతుంది.

వాస్తవం: ఆగదు సరికదా, కొత్త చిక్కు తెస్తుంది. వేగంగా ఎదిగే పెద్ద జాతి పిల్లలకు అదనపు కాల్షియం ఇస్తే ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. పైగా అది పేగుల్లో జింకును శరీరానికి అందకుండా అడ్డుకోవడం వల్ల కళ్ల చుట్టూ, మోచేతుల మీద పెచ్చులు కట్టి బొచ్చు ఊడవచ్చు. వెంట్రుక తయారయ్యేది మాంసకృత్తులతో. మూడు పూటలా పెరుగన్నంతో సరిపెట్టే ఇళ్లలో పిల్ల బొచ్చు పేలవంగా ఉండటంలో వింత లేదు. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం చేర్చవచ్చు గాని, సమతూకం కోసం పెద్ద జాతి పిల్లలకు తయారుచేసిన ఆహారమే మేలు.

అపోహ: ఎండాకాలంలో మిషన్‌తో గుండు చేయిస్తే కుక్కకు చల్లగా ఉంటుంది.

వాస్తవం: కుక్క ఒంటి వేడి ప్రధానంగా రొప్పడం వల్ల తగ్గుతుంది. పైబొచ్చు ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది. గొరిగేస్తే అది మళ్లీ సరిగా రాకపోవచ్చు. చేయవలసింది దువ్వడం. రాలే రోజుల్లో రోజూ పది నిమిషాలు, స్నానానికి ముందు తప్పనిసరిగా దువ్వాలి, ఎందుకంటే ఊడిన లోబొచ్చు తడిస్తే ఉండలు కట్టి దువ్వెనకు లొంగదు. స్నానం నెలకోసారి చాలు, అదీ కుక్కల షాంపూతోనే. బొచ్చు అడుగు వరకు ఆరబెట్టకపోతే, కోస్తా జిల్లాల ఉక్కలో చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడతాయి.

అపోహ: అసలు రాలని పిల్లే ఆరోగ్యమైనది.

వాస్తవం: ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం మరుగుజ్జుతనం ఉంది. మెదడు అడుగున ఉండి ఎదుగుదలను నడిపే పిట్యూటరీ గ్రంథి సరిగా ఎదగని ఆ పిల్లలు మూడు నెలల వయసుకే తోబుట్టువుల కంటే చిన్నగా కనిపిస్తాయి. వాటి ఒంటి మీద పైబొచ్చు మొలవదు, పుట్టినప్పటి దూది బొచ్చే నిలిచిపోతుంది. ముద్దుగా ఉందని మురిసిపోయే లోపలే ఆ మిగిలిన బొచ్చు కూడా రెండు పక్కలా ఊడి, చర్మం నల్లబడటం మొదలవుతుంది.