ఈమెయిల్ ఖాతాలో ఫైళ్లు దాచుకోవడం: అపోహలు - వాస్తవాలు

మెయిల్ సర్వర్ల నిర్వహణ, డేటా భద్రత నా వృత్తి. ముఖ్యమైన ఫైలును తమకు తామే మెయిల్ చేసుకుని, ఇక దాని గురించి దిగులు లేదనుకునేవారు నాకు తరచుగా తారసపడతారు. ఈ అలవాటు ఊరికే పుట్టలేదు. ఉచిత ఖాతాల్లో కొద్ది మెగాబైట్ల చోటే దొరికే రోజుల్లో, 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీతో వచ్చింది. ఆ ఖాతాను కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌లా చూపించే జీమెయిల్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామ్ కూడా అదే ఏడాది వెలువడింది. గూగుల్ డ్రైవ్ 2012లో గాని రాలేదు కనుక నాటి అవసరం సహజమైనదే.

అపోహ: మెయిల్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్ల జరిగినవే. ఉత్తరాలను సర్వర్లోనే ఉంచి చూపించే ఐమ్యాప్ పద్ధతిలో ఫోను, కంప్యూటరు, సర్వరు ఒకే పెట్టెను చూపిస్తాయి కాబట్టి, ఫోనులో పొరపాటున తొలగించిన మెయిల్ అన్నిచోట్లా మాయమవుతుంది. జీమెయిల్ చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ; అది నిండితే ఫైళ్ల సంగతి అటుంచి, రావలసిన ఉత్తరాలే ఆగిపోతాయి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఫైళ్లు దాచడానికే విడిగా ఖాతా తెరిచి మరచిపోయేవారు ఈ నియమాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

అపోహ: మెయిల్‌కు జోడించే ఫైలు పరిమితి 25 ఎంబీ అయితే 25 ఎంబీ ఫైలు వెళ్తుంది.

వాస్తవం: మెయిల్ వ్యవస్థ మొదట అక్షరాలను మోయడానికే తయారైంది. అందువల్ల ఫొటోను గాని పీడీఎఫ్‌ను గాని బేస్64 పద్ధతిలో అక్షరాలుగా మారుస్తారు. ప్రతి 3 బైట్లు 4 అవుతాయి. మార్పిడి తరువాతి పరిమాణాన్ని లెక్కించే సర్వర్ దగ్గర 25 ఎంబీ హద్దులో ఇమిడేది సుమారు 18 ఎంబీ ఫైలే.

అపోహ: నా మెయిల్ నాకొక్కడికే కనిపిస్తుంది.

వాస్తవం: సాధారణంగా వాడే టీఎల్ఎస్ గుప్తీకరణ (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతి) దారిలో మాత్రమే కాపాడుతుంది, చేరిన తరువాత ఆ ఫైలును తెరవగల తాళం సేవాసంస్థ దగ్గరా ఉంటుంది. ఖాతాలోకి చొరబడినవాడికి ‘పాస్‌పోర్ట్’ అని వెతికితే చాలు. గుర్తింపు పత్రాలను పాస్‌వర్డ్‌తో జిప్ వంటి మూటగా కట్టి పంపడం మంచిదే కాని, జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. జిప్ లాంటిదే అయిన 7జెడ్ రూపంలో పేర్లను కూడా దాచవచ్చు.

అపోహ: అయితే మెయిల్ ఇందుకు బొత్తిగా పనికిరాదు.

వాస్తవం: ఈ మాటనూ నేను ఒప్పుకోను. మెయిల్‌తో పంపిన ఫైలు తరువాత మారదు, తేదీతో సహా నిలుస్తుంది. సంతకమైన ఒప్పందానికి, తుది ప్రతికి ఇది నిజంగా మేలు. రోజూ మార్చే పత్రానికి మాత్రం ప్రతి సవరణా వేరే ఉత్తరమై, ఏది తాజా ప్రతో తెలియకుండా పోతుంది. జీమెయిల్‌లో మీ చిరునామాలో ఖాతా పేరు తరువాత ప్లస్ గుర్తు, ఒక మాట చేర్చి మీకే పంపుకుంటే, ఆ చిరునామాపై ఫిల్టర్ పెట్టి ఫైళ్లన్నీ ఒకే లేబుల్ కింద చేర్చవచ్చు. ఆ లేబుల్‌ను మన డేటాను దించుకోనిచ్చే గూగుల్ టేక్అవుట్ సేవ ద్వారా అప్పుడప్పుడూ దించుకుని, వేరే డిస్కులో ఉంచి, రెండు మూడు ఫైళ్లను తెరిచి చూడండి.