తాతయ్యకు ఫిట్స్ మందు ఎందుకు?

చిన్నూకి, బుజ్జికి,

మొన్న తాతయ్య వేసుకునే గాబాపెంటిన్ పేరు చూసి, "అది ఫిట్స్ మందట, తాతయ్యకు ఫిట్స్ లేవుగా అమ్మమ్మా!" అని కంగారుపడ్డారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

మామిడిచెట్టు మీంచి పడ్డప్పుడు తాతయ్య వెన్నుపాము దెబ్బతింది. కండరాలను వదులు చేయమని మెదడు పంపే కబురు ఇప్పుడు కాళ్ళదాకా సరిగ్గా చేరదు. అందుకే దుప్పటి తగిలినా చాలు, కాలు కొయ్యలా బిగుసుకుని అదురుతుంది. బుజ్జీ, నీ పాలగ్లాసు తన్నేసింది ఆ అదురే. దానికి తాతయ్య ఎంత బాధపడ్డారో!

ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో నరాల కణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి. తాతయ్యకు ఆ అదుపు తప్పడం వెన్నుపాములో. నరాల్లోకి కాల్షియం వెళ్ళే దారుల దగ్గర గాబాపెంటిన్ అతుక్కుని, ఒక నరం నుంచి ఇంకో నరానికి అందే సంకేతాల జోరు తగ్గిస్తుంది.

అసలు 1970లలో జర్మనీలో దీన్ని తయారుచేసినవాళ్ళు మొదట కండరాల బిగువు కోసమే చూశారు. తీరా అది ఫిట్స్‌కు పనికొచ్చి, 1993లో అమెరికాలో అనుమతి పొందింది. తాతయ్య ఇంతకుముందు వాడిన బాక్లోఫెన్‌ది దీనికి తలకిందుల కథ. 1962లో స్విట్జర్లాండ్‌లో ఫిట్స్ కోసం చేస్తే, చివరికి బిగువుకు మందైంది. తాతయ్యకు దానితో మగత ఎక్కువైందని డాక్టరుగారు మార్చారు.

1997లో వెన్నుపాము దెబ్బతిన్న 28 మంది మీద చేసిన పరీక్ష గురించి మీకు తప్పక చెప్పాలి. ఒక్కొక్కరికీ రెండు రోజులు అసలు మందు, ఇంకో రెండు రోజులు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మధ్యలో కొన్నాళ్ళ విరామం. ఎప్పుడు ఏది ఇచ్చారో వేసుకునేవాళ్ళకూ తెలీదు, బిగువు కొలిచే డాక్టరుకూ తెలీదు. మందు పడిందన్న నమ్మకంతోనే కాస్త తేలికనిపిస్తుంది కదా, ఆ పొరపాటు రాకుండా అలా చేస్తారు. ఇంత నిజాయితీగా పెట్టిన పరీక్ష అంటే నాకు చాలా గౌరవం. ఫిజియోథెరపిస్టు తాతయ్య మోకాలు వంచి చూసి మార్కులు వేస్తారే, అలాగే అక్కడా వేశారు. అసలు మందు వేసుకున్నప్పుడు బిగువు కొంత తగ్గింది. కానీ పట్టుమని 30 మంది కూడా లేరు, అదీ రెండేసి రోజులే. నెలల తరబడి వాడితే ఎలా ఉంటుందో ఆ పరీక్ష చెప్పలేదు. అందుకే డాక్టరుగారు కూడా "బాగవుతుంది" అనకుండా "వాడి చూద్దాం" అన్నారు.

ఈ మందు ఉన్నట్టుండి మానేయకూడదు. సెలవులకు వచ్చినప్పుడు రాత్రి మాత్ర గుర్తుచేసే పని మీ ఇద్దరిదీ.

మీ అమ్మమ్మ